బుధవారం చేరిన విద్యార్థి: ఒక ఇంగ్లీషు టీచర్ చికాకుల కేసు

ఒక భాషా శిక్షణ సంస్థ డైరెక్టరు నుంచి వచ్చిన పని ఇది. "మా టీచర్ ఒకావిడకి టైమ్ మేనేజ్‌మెంట్ నేర్పాలి" అన్నారు. పని ముగిసేసరికి మేం మార్చింది రిసెప్షన్‌లో అడ్మిషన్లు ఇచ్చే పద్ధతిని. అక్కడ మొదలై ఇక్కడికి ఎలా వచ్చామో రాసిపెడితే, ఇలాంటి సంస్థల్లో కోఆర్డినేటర్లుగా ఉన్నవాళ్ళకు పనికొస్తుందనిపించింది. టీచర్‌నీ సంస్థనీ గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఆమె చదివి సరేనన్నాకే ఇది బయటికి వస్తోంది.

నేపథ్యం

పెద్దవాళ్ళకు ఇంగ్లీషును విదేశీ భాషగా నేర్పే ప్రైవేటు సంస్థ. విద్యార్థులకు ఇంట్లో గానీ వీధిలో గానీ ఇంగ్లీషు వినపడదు, క్లాసులో విన్నదే వినడం. ఎక్కువమంది ఉద్యోగస్తులు కావడంతో క్లాసులు పొద్దున్నే కొన్ని, మళ్ళీ సాయంత్రం కొన్ని. ఈ టీచర్‌కు పొద్దున ఏ2 (ప్రాథమిక స్థాయి) బ్యాచ్, సాయంత్రం బీ1 (దాని పై మెట్టు) బ్యాచ్, వారంలో రెండు రోజులు విదేశాల్లో చదువుకూ ఉద్యోగానికీ రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ బ్యాచ్. పదేళ్ళు దాటిన అనుభవం, ఇంగ్లీషు టీచర్లకిచ్చే సెల్టా సర్టిఫికెట్ ఉన్నాయి. ఇంగ్లీషు ఆమెకూ కష్టపడి నేర్చుకున్న భాషే.

జీతం క్లాసు గంటలకే లెక్క. పాఠం తయారుచేసుకోవడానికి, పేపర్లు దిద్దడానికి విడిగా ఏమీ లేదు. ఈ రంగంలో అది మామూలే. అయితే దాని పర్యవసానం ఒకటుంది: క్లాసు బయట పోయే సమయం ఏ ఖాతాలోనూ కనపడదు. యాజమాన్యానికి ఖర్చు కాదు కనుక ఎవరూ దాన్ని లెక్కవేయరు. పోతోందని టీచర్ చెబితే అది ఫిర్యాదులా వినిపిస్తుంది.

వచ్చిన సమస్య

విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో రెండు మాటలు పదేపదే కనిపించాయి. క్లాసు ఆలస్యంగా మొదలవుతోంది. రాసిచ్చిన హోంవర్క్ ఎప్పటికో గాని తిరిగి రావడం లేదు. ఆ నెలలోనే టీచర్ డైరెక్టరుకు పొడవాటి మెయిల్ పెట్టింది. జిరాక్స్ మిషన్ దగ్గర క్యూ. ముందు క్లాసువాళ్ళు వైట్‌బోర్డు మీద పర్మనెంట్ మార్కర్‌తో రాసిపోవడం. లిజనింగ్ ఫైళ్ళున్న పెన్‌డ్రైవ్ ఎవరో పట్టుకుపోవడం. అటెండెన్సు రిజిస్టర్లో ఒకసారి, యాప్‌లో మరోసారి వేయడం. "ఇవాళ ఫలానా సార్ రాలేదు, ఆ బ్యాచ్ కూడా మీరే చూసుకోండి" అని క్లాసుకు ఇరవై నిమిషాల ముందు చెప్పడం. "మీరు నేటివ్ స్పీకర్ కాదు కదా మేడమ్" (ఇంగ్లీషు మీ మాతృభాష కాదు కదా) అని ఒక విద్యార్థి అందరి ముందూ అనడం. "ఈ మెయిల్ ఒక్కసారి చూసిపెట్టండి, రెండే నిమిషాలు" అని ఆఫీసులో ప్రతివాళ్ళూ ఆపడం. చివర్లో, ఉద్యోగం మానేసే ఆలోచన ఉందని ఒక వాక్యం.

డైరెక్టరు ఆ మెయిల్ నాకు చూపించి, "ఇవన్నీ ఏ ఆఫీసులో అయినా ఉండేవే కదండీ" అన్నారు. ఆ మాటను కొట్టిపారేయలేం. విడివిడిగా చూస్తే వాటిలో ఉద్యోగం మానేయాల్సినంతది ఒక్కటీ లేదు. దీన్ని రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు. టీచర్ బాగా అలసిపోయింది, ఏది కనపడితే దాని మీద కోపం చూపిస్తోంది అన్నది ఒకటి. ఈ చిన్న విషయాల్లో చాలావాటికి కింద ఒకే కారణం ఉంది అన్నది రెండోది. మొదటిదే నిజమైతే చేయాల్సింది సెలవు, పని తగ్గింపు, జీతం గురించి మాట్లాడటం. రెండోదైతే పనిచేసే పద్ధతి మార్చాలి. కోపంగా ఉన్న సాయంత్రం రాసిన మెయిల్‌ను బట్టి ఈ రెండింటిలో ఏదో తేల్చలేం.

అందుకే క్లాసు అబ్జర్వేషన్‌తో మొదలుపెట్టలేదు. వెనక బెంచీలో ఎవరైనా నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంటే ఏ టీచరైనా ఆ రోజుకు చక్కని పాఠం చెబుతుంది. పైగా అలా కూర్చోవడమంటే, లోపం క్లాసులోనే ఉందన్న డైరెక్టరు అంచనాను నేనూ ఒప్పుకున్నట్టు అవుతుంది. దానికి బదులు క్లాసుకు ముందు అరగంట స్టాఫ్‌రూమ్‌లోనూ రిసెప్షన్‌లోనూ కూర్చున్నాను. టీచర్‌ను మాత్రం రెండు వారాలు ఒక పట్టిక రాయమన్నాను.

పట్టికలో మూడు గడులు: ఏం జరిగింది, అలా జరగాలని ఎవరు నిర్ణయించారు, నా సమయం ఎంత పోయింది. జరిగిన వెంటనే రాయాలని గట్టిగా చెప్పాను. రాత్రి ఇంటికెళ్ళి రాస్తే, మనసుకు గుచ్చుకున్న ఒక్క మాటే పేజీ అంతా ఆక్రమిస్తుంది. ఎలా అనిపించిందో రాసే గడి కావాలనే పెట్టలేదు. ఆమె మార్జిన్‌లో ఆశ్చర్యార్థకాలు పెట్టుకుంటూ పోయింది, చివరికి వాటివల్లే ఎక్కువ లాభం కలిగింది.

ఎందుకంటే ఆశ్చర్యార్థకాలు ఒకచోట ఉన్నాయి, పోయిన నిమిషాలు ఇంకోచోట ఉన్నాయి. నేటివ్ స్పీకర్ మాటకు మూడు ఆశ్చర్యార్థకాలు, సమయం గడిలో సున్నా. మార్కర్ మరకకు రెండు, సమయం నాలుగు నిమిషాలు. "కొత్త విద్యార్థి వచ్చాడు" అన్న పంక్తికి గుర్తేమీ లేదు, సమయం మాత్రం ఒకరోజు నలభై నిమిషాలు, ఇంకోరోజు దాదాపు గంట. రెండు వారాల్లో అలాంటి పంక్తులు చాలా ఉన్నాయి. మెయిల్‌లో దాని ఊసే లేదు. అది తన పనిలో భాగమేనని ఆమె ఎప్పుడో ఒప్పేసుకుంది.

చేసి చూసినవి

పట్టిక చేతికి రాకముందే డైరెక్టరు ఒక చిన్న ప్రింటర్ కొని స్టాఫ్‌రూమ్‌లో పెట్టించారు. మార్కర్లు, డస్టర్లు ప్రతి గదికీ విడిగా ఇప్పించారు. రెండూ మంచివే, వద్దనాల్సిన పని లేదు. మార్కర్ల గొడవ అక్కడితో పోయింది. క్యూ మాత్రం ప్రింటర్ దగ్గరికి మారింది. వస్తువు కొంటే సమస్య పోతుందనుకోవడంలో ఒక ఊహ ఉంది: టీచర్లు కాపీలు ఆలస్యంగా తీస్తున్నది మిషన్ చాలకే అని. స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని చూస్తే అసలు సంగతి బయటపడింది. ఎన్ని కాపీలు కావాలో, ఏ లెవెల్ వాళ్ళు వస్తారో క్లాసుకు పది నిమిషాల ముందు దాకా తెలియదు. ముందురోజే తీసిపెట్టుకున్న టీచర్ మళ్ళీ తీయాల్సి వస్తోంది. నాలుగుసార్లు అలా జరిగాక ఎవరైనా ముందురోజు తీయడం మానేస్తారు.

తర్వాత అందరితో ఒక మీటింగ్ పెట్టాం. దాని గురించి ఎక్కువ రాయను. గొంతున్న ఇద్దరు టీచర్లు మాట్లాడారు, అడ్మిషన్ కౌన్సెలర్లు తమ మీద దాడి జరుగుతోందనుకుని మూతి బిగించుకున్నారు, ఎవరు ఏం చేస్తారన్నది తేలకుండానే అందరూ లేచారు. చికాకులన్నీ ఒకేసారి బల్ల మీద పోస్తే పెద్దవీ చిన్నవీ ఒకే ఎత్తులో కనపడతాయి.

ఇక దిద్దడం. ఇది డైరెక్టరు నన్ను పిలిచిన పనికి దగ్గరగా ఉంది కనుక దీని మీద నిజంగానే పనిచేశాం. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో మొదటి టాస్క్‌కు కనీసం 150 పదాలు, రెండోదానికి కనీసం 250. పద్నాలుగు మంది రెండూ రాసిస్తే 5,600 పదాలు. మనిషికి పన్నెండు నిమిషాల చొప్పున చూసినా మూడు గంటలకు కాస్త తక్కువ. అది ఒక్క బ్యాచ్‌కు, ఒక్క హోంవర్క్‌కు. ప్రతి తప్పుకీ సరైన రూపం రాసిస్తే విద్యార్థి దాన్ని ఒకసారి చూసి ఫైల్లో పెట్టేస్తాడు, మళ్ళీ అదే తప్పు రాస్తాడు. అందుకని తప్పు రకాన్ని బట్టి గుర్తులు పెట్టే పద్ధతిలోకి మారమన్నాను: కాలం తప్పయితే ఒక గుర్తు, స్పెల్లింగ్‌కు ఒకటి, పదం నప్పకపోతే మరొకటి. సరిచేసే పని విద్యార్థిది.

సమయం తగ్గింది, ఫిర్యాదులు పెరిగాయి. "మేడమ్ సగమే దిద్దుతున్నారు" అన్నారు. వాళ్ళ వైపు నుంచి చూస్తే అదీ నిజమే. డబ్బు కట్టి పేపరు ఇచ్చారు, అది గుర్తులతో తిరిగొచ్చింది. ఎర్ర సిరా ఎంత ఎక్కువుంటే టీచర్ అంత కష్టపడినట్టని చిన్నప్పటి బడి నుంచే వాళ్ళకు తెలుసు. పద్ధతి మార్చి, దాని ఉద్దేశం వాళ్ళకు చెప్పకపోతే ఇలాగే అవుతుంది.

గుర్తులను అలాగే ఉంచి రెండు మార్పులు చేశాం. ఈ వారం ఏ తప్పులు చూస్తానో హోంవర్క్ ఇచ్చేటప్పుడే బోర్డు మీద రాయడం ఒకటి. తమకు అనుమానంగా ఉన్న మూడు వాక్యాల కింద విద్యార్థులే గీత గీసి ఇవ్వడం రెండోది. గీత ఉన్నచోట టీచర్ పూర్తిగా జవాబు రాస్తుంది, మిగతాచోట్ల గుర్తులే. విద్యార్థి అడిగినదానికి జవాబు దొరికింది కనుక సగమే దిద్దారన్న మాట తగ్గిపోయింది. ఏ వాక్యం మీద అనుమానం రావాలో తెలియడం కూడా చదువులో భాగమే. కొందరు తప్పులున్న వాక్యాలు వదిలేసి, బాగున్నవాటి కింద గీతలు గీసుకొచ్చారు. అది చూశాక ఆమె పాఠం చెప్పే తీరు కూడా కొంత మారింది.

దీంతో హోంవర్క్ సమయానికి వెళ్ళసాగింది. క్లాసు మాత్రం ఆలస్యంగానే మొదలవుతోంది.

ముడి ఎక్కడుంది

పట్టికలో "ఎవరు నిర్ణయించారు" అన్న గడిని విడిగా చదివాను. సమయం ఎక్కువ తిన్న పంక్తుల్లో అధికభాగం ఎదుట రిసెప్షన్ అని ఉంది. నిర్ణయం జరిగింది క్లాసుకు గంటలోపు.

వివరంగా చెబుతాను. సాయంత్రం బ్యాచ్ సోమవారం ఒక వ్యాకరణ అంశం మొదలుపెడుతుంది, మంగళవారం దాన్ని అభ్యాసం చేస్తుంది, బుధవారం జంటలుగా కూర్చుని దాన్ని వాడి మాట్లాడుతుంది. ఆ బుధవారం ఆరింటికి ఒకాయన వచ్చి ఫీజు కడతాడు. నలభై బిట్ల వ్యాకరణ పరీక్ష రాస్తాడు, బీ1 అని తేలుతుంది, నేరుగా క్లాసులోకి పంపిస్తారు. పుస్తకం రేపు వస్తుంది. ఇప్పుడు అతనికి కాపీలు కావాలి. సరి సంఖ్యలో ఉన్న జంటలు బేసి అయ్యాయి, ఒకచోట ముగ్గురు కూర్చోవాలి. రెండు రోజుల పాఠం అతనికి ఐదు నిమిషాల్లో చెప్పాలి, ఆ ఐదు నిమిషాలూ మిగతావాళ్ళు ఫోన్లు చూసుకుంటారు. అసలు చిక్కు ఆ తర్వాత. బడిలో వ్యాకరణం బట్టీపట్టినవాడికి బిట్ల పరీక్షలో బీ1 వస్తుంది, నోరు తెరిస్తే ఏ2 కూడా అనుమానమే. రోజూ కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగికి దీనికి తలకిందులు. జంటలో అవతలి విద్యార్థి ఇక మాట్లాడటానికి మనిషి లేక కూర్చుంటాడు. క్లాసు అయ్యాక టీచర్ అతన్ని ఆపి మాట్లాడుతుంది, ఆ రాత్రి తర్వాతి పాఠం మళ్ళీ రాసుకుంటుంది.

కాపీల క్యూ, క్లాసు ఆలస్యం, ఆగిపోయిన హోంవర్క్‌లో కొంత భాగం, అన్నీ ఇక్కడికే వచ్చి చేరుతున్నాయి. తలుపు దగ్గర ఒకరు రెండు నిమిషాల్లో తీసుకున్న నిర్ణయానికి క్లాసులో ఇంకొకరు గంట చెల్లిస్తున్నారు.

కౌన్సెలర్ల సంగతి కూడా చూడాలి. వాళ్ళ ఇన్సెంటివ్ అడ్మిషన్ల లెక్క మీద ఉంది. ఇవాళ వచ్చిన మనిషిని సోమవారం రమ్మంటే అతను సోమవారానికి ఇంకోచోట చేరతాడు. "మీరు ఆపమనడం తేలికే, మా టార్గెట్ ఎవరు చూస్తారు" అని ఒకామె నాతో అంది. సబబైన ప్రశ్న. దానికి జవాబు లేకుండా "వారం మధ్యలో చేర్చుకోవద్దు" అని సర్క్యులర్ ఇప్పిస్తే ఒక వారం నడుస్తుంది. ఆపైన "ఈయన ఒక్కడే కదా" అంటారు.

పనిచేసింది

అందుకని ఫీజు కట్టే రోజునూ క్లాసులో కూర్చునే రోజునూ విడదీశాం. ఫీజు ఎప్పుడైనా కట్టవచ్చు, రసీదు వెంటనే ఇస్తారు, కౌన్సెలర్ లెక్కలో అదే రోజు పడుతుంది. క్లాసులోకి మాత్రం వారంలో మొదటి క్లాసుకే. మధ్యలో ఉన్న రోజులకు పుస్తకం, పాత యూనిట్ వర్క్‌షీట్లు, ఒక టీచర్‌తో పది నిమిషాల మాటామంతీ. ఆ పది నిమిషాలే అసలు లెవెల్ పరీక్ష. మాట్లాడిన టీచర్ అర పేజీ చీటీ రాస్తుంది: ఏ బ్యాచ్, ఎందుకు నేర్చుకుంటున్నాడు, వినడంలో ఎలా, మాట్లాడటంలో ఎలా, ఎవరి పక్కన కూర్చోబెడితే మంచిది. ఆ సమయానికి డబ్బు ఇవ్వాలన్నది నా షరతు. లేకపోతే ఒక చికాకు తీసి ఇంకో టీచర్ నెత్తిన పెట్టినట్టే.

డైరెక్టరు వెంటనే ఒప్పుకోలేదు. టీచర్ల సౌకర్యం గురించి చెబితే తలూపారు, అంతే. రిఫండ్ రిజిస్టర్ తెప్పించి, డబ్బు వెనక్కి అడిగినవాళ్ళు ఏ రోజున చేరారో పక్కన రాయించాం. వారం మధ్యలో చేరినవాళ్ళే ఎక్కువ. మొదటి క్లాసులోనే తెల్లమొహం వేసుక్కూర్చున్న మనిషి మళ్ళీ రాకపోవడంలో వింత లేదు. ఈ లెక్క ఆయనకు పట్టింది.

రెండో సగం టీచర్ చేతిలో ఉంది. వారంలో మొదటి పాఠం దానికదే నిలబడేలా, కిందటి వారం చెప్పిన భాషనే కొత్త సందర్భంలో తిరిగి వాడేలా కూర్చింది. పాతవాళ్ళకు అది పునశ్చరణ, కొత్తవాళ్ళకు ప్రవేశం. ఈ పాఠం కోసం అదనపు పని పడకూడదు కాబట్టి కాపీలు అవసరం లేని పద్ధతులు ఎంచుకుంది. వాటిలో బాగా నడిచింది డిక్టోగ్లాస్. చిన్న పేరాను మామూలు వేగంతో రెండుసార్లు చదువుతుంది. విద్యార్థులు చెవిన పడ్డ పదాలు రాసుకుని, గుంపుగా కూర్చుని ఆ పేరాను మళ్ళీ కడతారు. లెవెల్ తక్కువున్నవాడు పదాలు అందిస్తాడు, ఎక్కువున్నవాడు వాక్యం కూరుస్తాడు, ఇద్దరికీ పని ఉంటుంది. ఎవరి లెవెల్ ఎంతో టీచర్‌కూ ఆ ఇరవై నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇవే పాఠాలు ఇతర టీచర్లు రానప్పుడు వాడుకోవడానికి ఒక ఫోల్డర్‌లో పెట్టాం. బోర్డు, మార్కర్ ఉంటే చాలు నడవాలన్నది నియమం. మొదట్లో అది గళ్ళలో పదాలు వెతికే ఆటల కాగితాలతో నిండిపోయింది, పైగా ఒరిజినల్స్ ఎవరూ తిరిగి పెట్టరు. స్కాన్ చేసి అందరి ఫోన్లకూ పంపాక కుదుటపడింది. అటెండెన్సును యాప్‌లో మాత్రమే ఉంచారు. ఈ రెండూ నేను లేకపోయినా జరిగేవే.

"రెండే నిమిషాలు" అభ్యర్థనలకు ఆమె తనే ఒక మాట కనిపెట్టింది: "తప్పకుండా చూస్తాను, గురువారం నాలుగింటికి తీసుకురండి." కాదనడం లేదు కనుక ఎవరూ నొచ్చుకోరు. ఇప్పుడే కావాల్సినవాళ్ళు వేరే దారి చూసుకుంటారు, నిజంగా అవసరం ఉన్నవాళ్ళు గురువారం వస్తారు. సంస్థ బ్రోషర్లు, ప్రకటనలు సరిచూడటాన్ని మాత్రం విడిగా డబ్బిచ్చే పనిగా మార్పించాం.

మూడు ఆశ్చర్యార్థకాల సంగతి

నేటివ్ స్పీకర్ మాటను ఈ పద్ధతులేవీ తాకవు. నిమిషాల లెక్కలో అది సున్నా కదా అని వదిలేస్తే, ఆమె వెళ్ళిపోవడానికి అదే కారణమయ్యేది. క్లాసులో ఏం జవాబు చెప్పాలో సాధన చేయించడం కంటే, ఆ మాట విద్యార్థి నోటికి ఎలా వచ్చిందో చూడటం మేలనిపించింది. సంస్థ కరపత్రంలోనే ఉంది: "మూడు నెలల్లో నేటివ్ స్పీకర్‌లా మాట్లాడండి." అమ్మింది సంస్థ, నిలదీత ఎదుర్కొంటున్నది టీచర్.

ఏ2, బీ1 అంటూ సంస్థ వాడుతున్న కొలమానం యూరప్ కౌన్సిల్ 2001లో ప్రచురించిన సీఈఎఫ్‌ఆర్. దానికి 2018లో వచ్చిన అనుబంధ సంపుటంలో లెవెల్ వర్ణనల్లోంచి నేటివ్ స్పీకర్ ప్రస్తావనలు తీసేశారు. గంటల లెక్క కూడా ఉంది. మొదటి నుంచి లెక్కేస్తే ఏ2కు దాదాపు 180 నుంచి 200 గంటలు, బీ1కు 350 నుంచి 400 గంటలు టీచర్ ఆధ్వర్యంలో నేర్చుకోవాలని కేంబ్రిడ్జ్ పరీక్షల సంస్థ అంచనా. వారానికి మూడు క్లాసులు, ఒక్కోటి గంటన్నర అయితే పన్నెండు వారాలకు 54 గంటలు. ఒక్క మెట్టు ఎక్కడానికే తొమ్మిది పది నెలలు. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి కౌన్సెలర్ల బల్ల మీద అతికించాం, కరపత్రంలో ఆ వాక్యం తీసేశారు. అడ్మిషన్లు తగ్గుతాయని డైరెక్టరు భయపడ్డారు గాని, అంతకంటే ఎక్కువగా కౌన్సెలర్లే ఊపిరి పీల్చుకున్నారు. మూడో నెలలో తిరిగొచ్చి "ఏమైంది నా ఇంగ్లీషు" అని అడిగేవాళ్ళను ముందుగా ఎదుర్కొనేది వాళ్ళే మరి. ఆ మాట అన్న విద్యార్థి మాత్రం ఏమీ మారలేదు, ఇంకోసారి కూడా అన్నాడు.

ఇప్పటి పరిస్థితి, పరిమితులు

టీచర్ ఆ సంస్థలోనే ఉంది. క్లాసు సమయానికి మొదలవుతోంది. జీతం లెక్క మాత్రం మారలేదు. క్లాసు గంటలకే జీతమన్న ఏర్పాటు ఉన్నంతకాలం ఇలాంటి నిర్ణయాల భారం మళ్ళీ టీచర్ మీదికే జారుతుంది. సెలవుల ముందు రద్దీలో రెండుసార్లు వారం మధ్యలోనే మనుషుల్ని క్లాసులోకి పంపారు కూడా. ఆమె పట్టికలో రాసి చూపించింది, ఆగింది. ఆ పట్టికను నెలకొక వారం రాయడం కొనసాగించమన్నాను. ఇప్పుడు కౌన్సెలర్లు కూడా తమ వైపు నుంచి ఒకటి రాస్తున్నారు, అందులో టీచర్ల మీద ఫిర్యాదులున్నాయి, కొన్ని న్యాయమైనవే.

మళ్ళీ ఇలాంటి కేసు వస్తే నేను ముందు అడిగేది రెండో గడి గురించే: ఇది ఎవరు, ఎప్పుడు నిర్ణయించారు? టీచర్ చెప్పే క్రమంలో చికాకులను తీసుకోను, డైరెక్టరు చెప్పే క్రమంలోనూ తీసుకోను. సమయం ఎక్కువ తినేవాటిని పద్ధతి మార్చి తీయవచ్చు. మనసును తినేవాటికి వేరే చోట వెతకాలి. రెంటినీ ఒకే మీటింగ్‌లో కలపను.

ఈ పరిష్కారం అన్నిచోట్లా నప్పదు. క్లాసుకు ఇంత అని రోజువారీ డబ్బు తీసుకునే చోట్ల వారం మొదట్లో చేర్చుకోవడమన్న మాటకే అర్థం లేదు. అలాంటి చోట ప్రతి పాఠాన్నీ దానికదే నిలబడేలా కట్టమంటాను, యూనిట్ల వారీ సిలబస్‌ను గోడ మీది నుంచి తీసేయమంటాను. ఒకరిద్దరు విద్యార్థులతో విడిగా చెప్పే టీచర్లకు ఈ ముడి ఉండనే ఉండదు. వాళ్ళ సమయాన్ని తినేది చివరి నిమిషంలో క్లాసు రద్దు కావడం. దానికి వేరే పట్టిక కావాలి.